మైక్రోఫోను ముందు ఎవరిని కూర్చుండబెట్టుదుము?
(ప్రసంగ పాఠము)



కిందటి మహాశివరాత్రికి పుణ్యగిరి జాతర ధ్వనులను సేకరించుటకై మేము శృంగవరపుకోటకు వెళ్లితిమి. విశాఖపట్నమునుండి అరకులోయకు పోవు దారిలో, తూర్పు కనుమల పాదమున నున్న ఊరది. ఆ ప్రాంతమువారు క్లుప్తముగా ఎస్.కోట అందురు. ఊరికి చేరువనే కొండమీద శివాలయము, ఆ చెంతనే బండలమీదినుండి జాలువారు నీటిధార. శివరాత్రినాడు అచ్చటికి చేరు జనము ఇంతంత కాదు. ధార క్రింద తడియువారి కేకలు, గుడిగంటలు, కొబ్బరికాయలు పగులు చప్పుడు, తల్లిచేయి తప్పిన పిల్లల ఏడుపులు, బూరల మోత - ఇవన్నియు మా యంత్రములోనికి ఎక్కించుకొని, మరునాటి సాయంకాలము ఊరిలోని గ్రంథాలయపు అరుగుమీద కొందరు చదువరులతో కూర్చుంటిమి.

మా చేతిలోని మైక్రోఫోనువంక అంతసేపు చూచుచున్న కళాశాల విద్యార్థి ఒకడు ఉన్నట్లుండి ఇట్లడిగినాడు: "సార్, చనిపోయిన రచయితల్లో ఒక్కరిని తిరిగి తెచ్చి ఈ మైకు ముందర కూర్చోబెట్టొచ్చంటే, మీరు ఎవర్ని తెస్తారు?"

మేము నవ్వితిమి గాని వెంటనే జవాబు తోచలేదు. నలువది ఏండ్లు దాటిన వయస్సులో, పుస్తకములతోను గొంతులతోను ఇంతకాలము పనిచేసిన పిమ్మట, ఇంత చిన్న ప్రశ్నకు జవాబు సిద్ధముగా లేకపోవుట కొంత సిగ్గుగానే ఉండినది. తప్పించుకొనుటకు ఒక ఉపాయము పన్నితిమి. "ముందు మీరందరును చెప్పుడు. మా మాట చివర చెప్పుదుము" అంటిమి.

మొదట నోరు విప్పినవారు అలమండనుండి వచ్చిన ఒక పెద్దమనిషి. "ఇంకెవరు బాబూ, మా పతంజలి గారినే తెండి. భూమి గుండ్రంగా ఉందో బల్లపరుపుగా ఉందో ఆ తగువు ఇంకా తేలనేదు" అన్నారు. అరుగంతయు నవ్వులతో నిండినది. కె.ఎన్.వై. పతంజలి గారు 1952లో అలమండలో జన్మించినవారు. పత్రికా రచయితగా జీవించి, 2009 మార్చిలో కన్నుమూసినారు. "గోపాత్రుడు" చదివినవారికి ఆ పెద్దమనిషి మాటలోని చమత్కారము వెంటనే తెలియును. భూమి బల్లపరుపుగా ఉన్నదని ఒకడు పట్టుపట్టుట, ఊరు రెండు పక్షములై చీలుట, పౌరుషములు పెరుగుట - ఇంతకంటె ఆ కథలో వస్తువు లేదనిపించును. కాని చదివి ముగించునప్పటికి మన రాజకీయములు, మన న్యాయస్థానములు, మన వంశగౌరవములు అన్నియు ఆ అలమండ వీథిలోనే నిలువబడి కనబడును. ఊరివారు తమను చూచి ఒకడు నవ్వినందుకు కోపింపక, వాడే తిరిగి రావలెనని కోరుట ఒక రచయితకు దక్కు గౌరవములలో చిన్నది కాదు.

కోర్టు గుమాస్తాగా పనిచేసి విరమించిన మరియొకరు రాచకొండ విశ్వనాథశాస్త్రిగారి పేరు చెప్పినారు. 1922లో శ్రీకాకుళమున జన్మించి, విశాఖపట్నములో న్యాయవాదిగా నుండి, 1993లో గతించిన రావిశాస్త్రిగారు. "ఆరు సారా కథలు" వ్రాసిన చేయి అది. మద్యనిషేధ చట్టము చేతికి చిక్కిన బీదలు, సాక్షులు, పోలీసులు, ప్లీడర్లు వారి కథలలో ఏ భాష మాట్లాడినారో, కోర్టు వరండాలలో ఆ భాషనే తాము జీవితమంతయు వింటినని ఆ గుమాస్తాగారు చెప్పినారు. ఆయన కోరికకు ఇంకొక కారణము కూడ కలదు. "రత్తాలు-రాంబాబు" నవల సగములో ఆగిపోయినది. "పూర్తి చేయించుకొని పంపించేస్తాం" అన్నారు. అప్పు వసూలు చేయువాని స్వరము వంటిది ఆ స్వరము.

ఉపాధ్యాయుడొకరు చాసోగారిని కోరినారు. చాగంటి సోమయాజులుగారు 1915లో శ్రీకాకుళములో పుట్టి, విజయనగరములో జీవించి, 1994లో గతించినారు. ఒక్క సంపుటములో ఇమిడిపోవు కథలతోనే తెలుగు కథానికా చరిత్రలో స్థానము సంపాదించుకొన్నవారు. "ఎందుకు పారేస్తాను నాన్నా" అను కథను ఏటేట తరగతిలో చదివి వినిపించునపుడు, చదువు మానిపింపబడిన ఆ పిల్లవాని ఘట్టము వచ్చుసరికి వెనుక బల్లమీది పిల్లలలో ఎవడో ఒకడు తల వంచుకొనునట. "ఆ పిల్లవాడు తరువాత ఏమైనాడో చాసోగారిని అడగాలి" అన్నారు ఆ ఉపాధ్యాయులు.

ఈ మూడు జవాబులు విన్న తరువాత మాకొకటి స్పష్టమైనది. వీరిలో ఎవ్వరును గొప్పతనమును తూచి రచయితను ఎన్నుకొనలేదు. తగువు తీర్పుటకు ఒకరు, సగము పుస్తకమును ముగించుటకు ఒకరు, ఒక పిల్లవాని యోగక్షేమములు చెప్పుటకు ఒకరు కావలసి వచ్చినారు. మిగిలిపోయిన పని యున్నచోటికే చనిపోయినవారిని పిలుచుచున్నారు.

మన సాహిత్యములో ఈ మిగిలిపోయిన పనికి చాల పాత చరిత్ర ఉన్నది. ఆంధ్రమహాభారతమున నన్నయభట్టు అరణ్యపర్వము నడుమ ఆగినాడు. రెండు శతాబ్దములకు పైగా ఆ లోటు అట్లే ఉండినది. తిక్కన సోమయాజి విరాటపర్వమునుండి ఎత్తుకొన్నాడే గాని ఆ ఖాళీని ముట్టలేదు. తరువాత ఎఱ్ఱాప్రెగడ వచ్చి మిగిలిన భాగమును పూరించి, దానిని నన్నయకు పోషకుడైన రాజరాజనరేంద్రునికే అంకితముగా నడిపించినాడు. తన పేరును వెనుకకు నెట్టి, పోయిన కవి చేయియే ఇంకను వ్రాయుచున్నట్లు చేసినాడు. సంస్కృతమున బాణభట్టు కాదంబరిని ముగింపక గతింపగా ఆయన కుమారుడు పూర్తిచేసినాడు. అనగా మన పెద్దలు పోయిన కవిని తిరిగి రమ్మని పిలువలేదు. ఆయన విడిచిన గంటమును తాము పట్టుకొన్నారు. "ఆయన లేడు, పని యున్నది" అనుట వారి పద్ధతి.

ఈ పద్ధతి మంచిదే. ఐనను అది సాగని చోటొకటి కలదు. మేము చెప్పదలచిన పేరు అచ్చటనే ఉన్నది.

మా వంతు వచ్చినపుడు మేము గురజాడ అప్పారావుగారి పేరు చెప్పితిమి. విజయనగరము ఇంత దగ్గరలో నుండగా అది ఎవరైనను ఊహింపగల జవాబే. విద్యార్థి ముఖమున కొంత నిరాశ కనబడినది. మేము మా కారణము చెప్పితిమి. దానిని మీకును చెప్పుచున్నాము.

అప్పారావుగారు 1862లో జన్మించి, 1915 నవంబరు 30న, తమ 53 ఏండ్ల వయస్సున గతించినారు. "కన్యాశుల్కము" 1892లో విజయనగరమున మొదట ప్రదర్శింపబడినది, 1897లో అచ్చయినది, 1909లో చాల పెంచి వ్రాయబడి రెండవ కూర్పుగా వెలువడినది. "దిద్దుబాటు" కథ 1910 నాటిది. "కొండుభట్టీయము", "బిల్హణీయము" అను రెండు నాటకములు అసంపూర్తిగా మిగిలినవి. ఎఱ్ఱన వంటివాడు వచ్చి వీనిని పూరింపరాదా అని అడుగవచ్చును. పద్యమునకు ఛందస్సు కలదు, ఆ కొలత పట్టుకొని మరొక మహాకవి నడువవచ్చును. అప్పారావుగారి సంభాషణకు కొలత ఆయన చెవియే. గిరీశము ఒక తీరున మాట్లాడును, రామప్పపంతులు మరొక తీరున. మధురవాణి ఎదుటి మనిషిని బట్టి మాట మార్చును. అగ్నిహోత్రావధానులు కోపమున మాట్లాడు మాట లుబ్ధావధానులు భయమున మాట్లాడు మాటతో కలియదు. పనివాడు అసిరిగాని మాట వేరు. ఇన్ని గొంతులను విని కాగితముమీద నిలిపిన చెవి 1915లోనే మూతపడినది. దానిని ఎవరు పూరింతురు?

ఇచ్చట రేడియోవారి బాధ యొకటి మీకు చెప్పుకొనవలెను. మాట్లాడు భాషయే వ్రాతకు తగిన భాషయని, మిత్రుడు గిడుగు రామమూర్తిపంతులుగారితో పాటు వాదించి, 1914లో మదరాసు విశ్వవిద్యాలయమునకు తమ అసమ్మతి పత్రమును సమర్పించిన మనిషి గొంతు మనకు లేదు. మన దేశములో గ్రామఫోను రికార్డులు తీయుట 1902లోనే మొదలైనది. అప్పారావుగారు ఆ తరువాత పదమూడేండ్లు జీవించినారు. ఐనను ఆయన మాట పట్టి ఉంచిన పళ్లెమేదియు మనకు దక్కలేదు. మదరాసు రేడియో కేంద్రము 1938లోను, విజయవాడ కేంద్రము 1948లోను, విశాఖపట్నము కేంద్రము 1963లోను ప్రారంభమైనవి. అప్పటికి చాల ఆలస్యమైనది. శ్రీశ్రీగారు తమ కవిత్వమును తామే చదువగా మనము వినగలము, ఎక్కడ ఆగినారో, ఎక్కడ గొంతు పెంచినారో తెలిసికొనగలము. కావున శ్రీశ్రీని పిలువవలసిన అక్కర మావంటివారికి అంతగా లేదు. అప్పారావుగారి విషయమున అచ్చు తప్ప మరేమియు లేదు. వాడుక భాషకు పెద్దదిక్కైన వాని వాడుక ఎట్లుండెనో మనము వినలేదు.

ఇది కేవలము కుతూహలము కాదు. మా తప్పొకటి చెప్పినచో మీకు బోధపడును. కొన్నేండ్ల క్రిందట "కన్యాశుల్కము"లోని ఒక ఘట్టమును శ్రవ్య నాటికగా రికార్డు చేయుచుంటిమి. అసిరిగాని పాత్రకు విజయనగరము చేరువ పల్లెనుండి ఒక కళాకారుడు వచ్చియుండెను. మంచి గొంతు. అతడు తన ఊరి తీరున వాక్యము చివర సాగదీసి పలికినాడు. ఒకచోట "ఏటి" అన్నాడు. అద్దము వెనుకనుండి మేము ఆపి, "అందరికిని అర్థము కావలెను, సరిగా పలుకుడు" అంటిమి. ఒకమారు కాదు, మూడు మారులు. మూడవమారు అతడు నెమ్మదిగా, "అసిరిగాడిది మా ఊరే కదండీ?" అన్నాడు. మాకు జవాబు లేకపోయినది. ఐనను పదవిలో నున్నవారి మాటయే చెల్లినది. ఆ నాటిక ప్రసారమైనది, బాగున్నదని ఉత్తరములును వచ్చినవి. ఆ ఉత్తరములు చదివినప్పుడెల్ల అతని ప్రశ్నయే మా చెవిలో వినబడుచుండెను.

అందుచేత అప్పారావుగారు తిరిగి వచ్చినచో మేము ఉపన్యాసము అడుగము, సందేశము అడుగము. రెండవ కూర్పును చేతికిచ్చి ఒక్క అంకము చదువుమందుము. గిరీశము ఇంగ్లీషు ముక్కలను తెలుగు నోటితో ఎట్లు విరిచెనో, బుచ్చమ్మ ఎంత మెల్లగా మాట్లాడెనో, అసిరిగాడు ఏ మాట ఎక్కడ సాగదీసెనో విందుము. ఆ తరువాత మా తప్పు ఆయన ముందు ఒప్పుకొందుము. ఇంత గ్రాంథికపు మాటలలో ఆయననుగూర్చి ప్రసంగించుచున్నందుకు కూడ ఆయన మమ్ము విడిచిపెట్టరు. దానికిని సిద్ధపడియే యున్నాము.

ఇదంతయు అరుగుమీద చెప్పితిమి. అంతవరకు ఒక ప్రక్క కూర్చుండి, గ్రంథాలయమునకు తిరిగి ఇచ్చుటకు తెచ్చిన పుస్తకమును ఒడిలో పెట్టుకొనియున్న అంగన్‌వాడీ కార్యకర్త ఒకామె అప్పుడు మాట్లాడినారు.

"రప్పిస్తే రప్పించండి బాబూ. గాని ఆయనొచ్చి, మీ కాడ ఆడపిల్లకి ఎన్నో ఏట పెళ్లి సేస్తన్నారని అడిగితే ఏటి సెప్పాల? నేను ఎళ్లి ఆపినవి ఉన్నాయి. ఆపనేనివీ ఉన్నాయి."

అరుగుమీద ఎవ్వరును మాట్లాడలేదు.

ఆ మాట వినినంతనే మాకు మొదటి కూర్పునకు అప్పారావుగారు ఇంగ్లీషులో వ్రాసిన పీఠిక స్ఫురణకు వచ్చినది. నాటక మెందుకు వ్రాసిరో అందులో చెప్పినారు. ఆనందగజపతి మహారాజు చట్టము తెచ్చు ప్రయత్నములో భాగముగా, విశాఖపట్టణము జిల్లాలో మూడేండ్లలో సాధారణ బ్రాహ్మణ కుటుంబములలో జరిగిన శుల్క వివాహముల జాబితా తయారు చేయించినారు. లెక్కకు వచ్చినవి 1,034. అనగా సగటున ఏటికి 344. ఆ పెండ్లికూతుండ్రలో ఐదేండ్లవారు 99 మంది, నాలుగేండ్లవారు 44 మంది, మూడేండ్లవారు 36 మంది, రెండేండ్లవారు ఆరుగురు, ఏడాది వయస్సువారు ముగ్గురు. ఆ ఏడాది పసికందుల వెల 350 రూపాయలనుండి 400 రూపాయలవరకు. డబ్బు పుచ్చుకొంటిమని ఒప్పుకొనువారు అరుదు గనుక ఈ జాబితాయు సంపూర్ణము కాదు. ఆనాటి విశాఖపట్టణము జిల్లాలోనిదే శృంగవరపుకోట. విజయనగరము జిల్లా ఏర్పడినది 1979లో. కావున ఆ జాబితా ఎవరిదో కాదు, ఈ అరుగు చుట్టుపట్ల నేలది.

ఆ తరువాత చట్టములు వచ్చినవి. 1929 నాటి శారదా చట్టము బాలిక వివాహ వయస్సును 14 ఏండ్లుగా నిర్ణయించినది. 1978లో అది 18 అయినది. 2006లో మరింత గట్టి చట్టము వచ్చినది. తొట్టిలోని పసిబిడ్డకు వెలకట్టి తాళి కట్టు ఆచారము పోయినది. ఇది చిన్న సంగతి కాదు, అప్పారావుగారికి సంతోషముగా చెప్పుకొనదగినది. కాని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల ప్రకారము, ఆంధ్రప్రదేశములో 20 నుండి 24 ఏండ్ల స్త్రీలలో నూటికి 29 మందికి పైగా 18 నిండకముందే పెండ్లి అయినవారు. శుల్కము పోయినది గాని, దాని స్థానమున కట్నము ఎదురు దిక్కునుండి వచ్చి కూర్చున్నది. 1961 నాటి చట్టము దానిని నిషేధించినను అది ఎంతవరకు తొలగినదో ప్రతి ఇంటివారికిని తెలియును.

ఆమె ప్రశ్నకు మేము జవాబు చెప్పలేదు. మేమే ఆమెను అడిగితిమి: "అయితే ఆయనను రప్పింపవద్దందువా అమ్మా?"

"వద్దని నేనెందుకంటాను? రానీండి. మన ఇళ్లకి తీసుకెళ్లండి. చూసి మళ్లీ రాస్తాడు" అన్నారామె.

మేము చెప్పిన కారణముకంటె ఆమె కారణమే గట్టిదని ఆనాడు అరుగుమీదనే ఒప్పుకొంటిమి, ఇప్పుడు మీ ముందును ఒప్పుకొనుచున్నాము. మేము గొంతు కొరకు పిలిచితిమి, ఆమె పని కొరకు పిలిచినది. కాని ఈ రెండును వేరు కావు. ఈ ప్రాంతపు మనుష్యులు మాట్లాడుకొను మాటలోనే ఆ పెండ్లిండ్ల లోగుట్టు బయటపడినది. బేరములు, బొంకులు, బుజ్జగింపులు అన్నియు వాడుక మాటలోనే జరుగును గదా. పుస్తకపు భాషలో ఆ 1,034 ఒక అంకె. అవధానులు, పంతులు, శాస్త్రి తమతమ నోటితో మాట్లాడినపుడే చూచువానికి తన ఇల్లు కనబడినది. ఆ నోటిని మేము అద్దము వెనుకనుండి దిద్దితిమి. దిద్దినపుడు పోయినది యాస మాత్రమే కాదని ఆమె మాట విన్న తరువాత తెలిసినది.

చీకటి పడుచుండగా విద్యార్థి లోపలికి పోయి బీరువాలోనుండి "కన్యాశుల్కము" తెచ్చినాడు. అట్ట ఊడి, సూదిదారముతో కుట్టబడిన ప్రతి. "మైకు ఎలాగూ ఉంది గదా సార్" అన్నాడు. అసిరిగాని మాటలు అలమండ పెద్దమనిషి చదివినారు. వ్యాజ్యములంటే ప్రాణము విడుచు రామప్పపంతులు పాత్రకు కోర్టు గుమాస్తాగారిని ఎవ్వరును అడుగకముందే ఆయన కళ్లజోడు సవరించుకొన్నారు. లుబ్ధావధానులు ఉపాధ్యాయులకు వచ్చినది. మధురవాణి మాటలు అంగన్‌వాడీ ఆమె మొదట సిగ్గుపడి, తరువాత నవ్వుచు, ఆ తరువాత నవ్వు మాని చదివినారు. ఎచ్చటను మేము ఆపలేదు. ఎవ్వరిని సరిగా పలుకుమనలేదు.

ఆ రికార్డు మా దగ్గర ఉన్నది. శబ్దశుద్ధి దృష్టితో చూచినచో అది ప్రసారమునకు యోగ్యము కాదు. నడుమ అరకు బస్సు హారను మోగును, ఒకచోట కాగితము తిప్పు చప్పుడు సంభాషణను మ్రింగును, దూరమున జాతర దుకాణములు విప్పువారి సుత్తి దెబ్బలు వినబడును. అప్పారావుగారి గొంతు అందులో లేదు. అది ఎచ్చటను లేదు. ఆయన విన్న గొంతుల మనుమల మనుమలు మాత్రము ఉన్నారు.

శ్రోతలారా, ఆ విద్యార్థి ప్రశ్నను మీకును అప్పగించుచున్నాము. మీరు ఎవరిని పిలుతురు? ఏ పని కొరకు పిలుతురు? జవాబు వ్రాయుటకు ముందు, ఆ రచయిత పుస్తకములోని ఒక పుట మీ ఇంటివారందరును వినునట్లు, మీ ఊరి మాటతీరుననే పైకి చదువుడు. ఆ పిమ్మట మా కేంద్రమునకు ఉత్తరము వ్రాయుడు. శృంగవరపుకోట అంగన్‌వాడీ ఆమె వలె, మా జవాబును మార్చగల ఉత్తరము ఒక్కటి వచ్చినను మాకు సంతోషమే.